కుంచ మెవరి చేతిలో?

గురువును శిష్యుడును ఎదురెదురుగ కూర్చున్నచోట పాఠమెట్లున్నదో శిష్యుని ముఖమే చెప్పును. ఆన్‌లైను పాఠము చెప్పువానికి ఆ ముఖము కనబడదు. కనుకనే కళాశాలల ఆన్‌లైను పాఠ్యక్రమములకు వ్రాతపూర్వకములైన ప్రమాణములు కావలసివచ్చినవి.

విద్య జీవకళ, దానిని కొలువరాదని కొందఱందురు. వినుట కింపుగనే యున్నది. కాని కొలత లేనిచోట నష్టపడువాడు బలహీనుడే. మన్యపు సంతలలో కుంచము వర్తకుని చేతనున్నంతకాలము చింతపండు నమ్ముకొన్న గిరిజనునకు దక్కినదెంత? 1956లో గిరిజన సహకార సంస్థ స్థాపింపబడినది అందులకే గదా!

అమెరికాలో, మేరీలాండున 2003లో మొదలైన క్వాలిటీ మాటర్సు పద్ధతిలో నొక సుగుణమున్నది. పాఠ్యక్రమము ముగియునప్పటికి విద్యార్థి యేమి చేయగలవాడు కావలెనో మొదటనే స్పష్టముగ చెప్పవలెను. పరీక్షయు, పఠనసామగ్రియు, అభ్యాసములును దానికే కట్టుబడి యుండవలెను. చెప్పినదొకటి, అడిగినదొకటి యైన పరీక్షలతో మన బిడ్డలు పడిన పాట్లు తలచినచో నిది చిన్న సంస్కారము కాదు. అయితే ఆ పరిశీలకులు చూచునది పాఠముయొక్క నిర్మాణమునే, బోధనను గాదు. ఈ సంగతిని వారే దాచక చెప్పుదురు. ఆ ముద్రను చూచి విద్యయంతయు బాగున్నదని మురియుట చూచువారి తొందరపాటు.

మన దేశమున 2017లో ఆరంభమైన స్వయం పాఠములకు నాలుగంగములు: దృశ్యోపన్యాసము, ముద్రించుకొనదగిన పాఠ్యము, స్వీయపరీక్ష, సందేహములు తీర్చుకొను చర్చ. వీనిని టైడానుండి చూతము. అనంతగిరి కొండలలో, కొత్తవలస కిరండూలు రైలుమార్గముపై నున్న యూరది. అచటి యువతి యొకతె డిగ్రీ చదువుచున్న దనుకొందము. కొండచాటున సిగ్నలందనినాడు దృశ్యము నిలిచిపోవును, చర్చయు నందదు. ఇంట కువి మాటాడువారైనచో బడిలో తెలుగు, తెరపై నింగ్లీషు, ఇట్లు రెండు గడపలు దాటవలెను. ఆమెకు నిలకడగ దక్కునది కాగితముపైని పాఠ్యమొక్కటే. దానిని ఉపన్యాసమునకు తోకగా గాక, తనంత తాను నిలుచునట్లు వ్రాసిరా? మా దృష్టిలో మొదటి ప్రమాణ మిదియే.

గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పదలచి ముందు తామే సవరభాష నేర్చుకొనిరి. పిదప ఆ భాషలో వాచకములు వ్రాసిరి. (వ్యావహారికవాదులైన వారు మా యీ గ్రాంథికమును చూచిన నవ్వియుందురు!) వారు పుస్తకముకంటె ముందు పిల్లవాని నోటిని పరిశీలించిరి.

కావున పాఠ్యక్రమమును ఆమోదించు మండలిలో టైడావంటి యూరి విద్యార్థిని కొకపీట వేయవలెనని మా యభిప్రాయము. ఆమెకు శాస్త్రము తెలియదే యందురు. నిజమే, శాస్త్రము తప్పో యొప్పో ఆమె చెప్పలేదు. కాని పాఠ మెక్కడ తనను విడిచిపోయినదో ఆమెకు దప్ప నింకెవ్వరికి తెలియును? ఆ చోటులు గుర్తించి యిచ్చుట కామెకు పెన్సిలు చాలును. వానిని తిరుగవ్రాయుటకు అధ్యాపకునకు గడువును వేతనమును కావలెను. ఆ వ్యయమును అంచనాలో మొదటనే చేర్పవలెను.