చప్పుడు విన్నవాడు

మన తెలంగాణలో తాడ్వాయి పేరుతో రెండు మండలాలు ఉన్నాయి. ఒకటి ములుగు జిల్లాలో, మేడారం జాతర జరిగే చోటు. రెండోది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు పోయే దారిలో ఉన్నది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఇది నిజామాబాద్ జిల్లాలో ఉండేది. నేను చెప్పబోయేది ఈ రెండో తాడ్వాయి దారిలో జరిగిన సంగతి. చూడబోతే చాలా చిన్నది. గుప్పిట్లో పట్టే ఒక రబ్బరు ముక్క గురించి. కాని దానివల్ల నన్నొక ప్రశ్న పట్టుకుంది. వస్తువు మనది కానప్పుడు, అందులోని లోపం మన చెవిన పడితే, మనకు బాధ్యత ఉంటుందా?

మా అక్క కొడుకు కామారెడ్డిలో ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో డ్రైవరు. పొద్దున్నే సరుకు ఎక్కించుకొని కృష్ణాజివాడి, తాడ్వాయి, ఎర్రపహాడ్, దేమికలాన్ వంటి ఊళ్లలోని దుకాణాలకు దించి, సాయంత్రానికి తిరిగి వస్తాడు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి ఇలాంటి చిన్న ట్రాలీలు మన పల్లెలకు అలవాటయ్యాయి. 2022లో దానికి కూడా ఎలక్ట్రిక్ రూపం వచ్చింది. వేరే కంపెనీలవి కూడా వచ్చాయి. ఆ దుకాణం యజమాని కూడా 2023లో కిస్తీల మీద ఒక చార్జింగ్ బండి కొన్నాడు. అది ఏ కంపెనీదో ఇక్కడ అవసరం లేదు. తప్పు బండిది కాదు.

చార్జింగ్ బండికి ఇంజన్ ఆయిల్ మార్చే పని లేదు. డీజిల్ ఫిల్టరు లేదు. క్లచ్ ప్లేట్లు లేవు. అందువల్ల చాలామంది ఈ బండికి సర్వీసింగే అక్కరలేదని అనుకుంటారు. ఆ యజమాని కూడా అలాగే అనుకున్నాడు. కాని టైర్లు, బ్రేకులు, బేరింగులు, కమాన్ కట్టలు ఏ బండికైనా ఒకటే. గుంత గుంతే, బరువు బరువే. పైగా ఎలక్ట్రిక్ బండిలో బ్యాటరీ బరువు అదనం. ఆ మోటారు కదిలీ కదలగానే పూర్తి బలంతో లాగుతుంది. కాలు తీయగానే అదే మోటారు వెనక్కి పట్టి బండి వేగం తగ్గిస్తుంది. ఈ ముందుకు లాగడం, వెనక్కి పట్టడం రోజంతా సాగుతూనే ఉంటాయి. వాటి దెబ్బ తినే వాటిలో బుష్‌లు ముఖ్యమైనవి.

బుష్ అంటే ఏమిటో తెలియని అమ్మలక్కల కోసం ఒక మాట. కమాన్ కట్ట చివర ఇనుప పట్టీని గుండ్రంగా చుట్టి ఒక కన్ను చేస్తారు. ఆ కంటిలో నుంచి బోల్టు పోయి కట్టను బండి చట్రానికి పట్టి ఉంచుతుంది. ఇనుము ఇనుముకు తగలకుండా ఆ రెంటి నడుమ ఉండే రబ్బరు గొట్టమే బుష్. మన తాతలు ఎడ్లబండి ఇరుసుకు ఆముదంతో చేసిన కందెన పెట్టేవారు. కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు పోయే బండ్లు ఆ కందెన మీదనే నడిచాయి. కందెన తగ్గితే బండి కీచుమని అరిచేది, ఊరంతా వినేది. రబ్బరు బుష్‌కు కందెన అక్కరలేదు, అది అరవదు కూడా. ఫ్రెంచి, ఇటలీ, స్పెయిన్ దేశాల మెకానిక్కులు దాన్ని ‘సైలెంట్ బ్లాక్’ అనే పేరుతో పిలుస్తారు. దెబ్బలన్నీ తాను తిని, చప్పుడు రాకుండా చూడడమే దాని పని. అది చప్పుడు చేసిందంటే అప్పటికే చాలావరకు అరిగిపోయిందని అర్థం.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన మనకు తెలిసిందే. కల్వర్టులు కొట్టుకుపోయాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కూడా కొట్టుకుపోయింది. ఆ తరువాత చాలా రోజులు బండ్లన్నీ కంకర పోసిన దారుల మీదనే నడిచాయి. దసరా ముందు మా మేనల్లుడు యజమానితో, “సేటూ, ముందు ఎడమ దిక్కు కింద టక్కుటక్కుమంటుంది. ఓసారి చూపిద్దాం” అన్నాడు. ఆయన, “పండుగ గిరాకీ ఉన్నది, బండి నిలబెడితే ఎట్ల? నడుస్తుంది కదా, దీపావళి దాకా నడవనియ్యి” అన్నాడు.

పిల్లవాడు నా దగ్గరికి వచ్చాడు. “మామా, డీజిల్ బండి అయితే ఇంజన్ మోతల ఇనపడకపోవు. ఇది సప్పుడు లేని బండి. రోజూ ఇనపడుతుంది, నాకు మనసున పడతలేదు” అన్నాడు. నేను ఏమన్నానో దాచకుండా రాస్తాను. “బండి నీదా? ఒకసారి చెప్పినవు, నీ బాధ్యత తీరింది. మళ్లీ మళ్లీ చెప్పి పని పోగొట్టుకోకు” అన్నాను. అది పెద్దమనిషి సలహా అనే అనుకున్నాను.

తరువాత పది రోజులకు ఎర్రపహాడ్ దాటాక, కంకర పోసిన ఒక కల్వర్టు దగ్గర, సైకిలు మీద పోయే బడి పిల్ల ఒకతె జారి దారిలో పడింది. వీడు బ్రేకు వేశాడు. బండి నిలవలేదని కాదు, నిలిచింది. కాని తిన్నగా నిలవలేదు. అరిగిన బుష్‌లో సందు ఉండడం వల్ల బ్రేకు పడగానే ఒక దిక్కు ఇరుసు కొంచెం జరిగి, బండి ఎడమకు, అంటే ఆ పిల్ల పడిన వైపే లాగింది. చక్రానికి, సైకిలుకు నడుమ జానెడు దూరం మిగిలింది. పిల్లకు ఏమీ కాలేదు. మేనల్లుడు మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. నేను కూడా సరిగ్గా తినలేకపోయాను.

మరునాడు బండిని షెడ్డుకు తీసుకుపోయారు. నేను వెంట వెళ్లాను. మెకానిక్ ముందుగా స్విచ్ ఆపించి తాళం తన జేబులో వేసుకున్నాడు. నారింజ రంగు తీగలను ఎవరూ ముట్టుకోవద్దన్నాడు, వాటిలో పెద్ద కరెంటు ఉంటుందట. జాకీని బ్యాటరీ పెట్టె కింద కాక చట్రం కింద పెట్టి, స్టాండ్లు నిలిపి, కట్ట విప్పాడు. పాత బుష్‌ను ప్రెస్ మీద బయటికి తోశాడు. రబ్బరు ఒక పక్క అట్టలా పలచబడి, ఇంకో పక్క చీలిపోయి ఉంది. ఇనుము ఇనుముకు తగిలి బోల్టు మీద గాడి పడింది. టైరు లోపలి అంచు నున్నగా అరిగింది. బుష్ అరిగితే బోల్టు, తరువాత కమాన్ కన్ను, ఆపైన టైరు. ఆ వరుసలో చివరన దారిన పోయే పిల్ల ఉన్నది.

అతను కొత్త బుష్‌కు సబ్బు నీళ్లు రాసి ఎక్కించాడు. “నూనె రాస్తే సులువే కాని రబ్బరు ఉబ్బి చెడిపోతది” అన్నాడు. చప్పుడు ఎడమ దిక్కే వచ్చినా రెండు దిక్కులా మార్చాడు. వెనుక బుష్‌లు కూడా మార్చమని యజమాని భయపడి అడిగితే, వాటిని సలాకతో కదిపి చూసి, “ఇవి ఇంకా నడుస్తయి, పైసలు ఎందుకు దండుగ” అన్నాడు. బండి కింద ఏం చేశాడో మనలో ఎవరూ పడుకొని చూడరు. అయినా చేయవలసింది చేశాడు, అక్కరలేనిది చేయలేదు. నిజాయితీ అంటే ఏమిటో ఆ షెడ్డులో చూశాను.

ఇంకొకటి కూడా చూశాను. కొత్త బుష్ బోల్టును అతను బండి పైకి లేచి ఉన్నప్పుడు పూర్తిగా బిగించలేదు. వదులుగా ఉంచి, బండిని నేలకు దించి, బరువు చక్రాల మీద పడిన తరువాతనే గట్టిగా బిగించాడు. ఎందుకని అడిగాను. గాలిలో బిగిస్తే, దించగానే రబ్బరు మెలి తిరిగిపోతుందట. నడిచినన్నాళ్లూ ఆ మెలికలోనే ఉండి తొందరగా చీలుతుందట. చివరగా చక్రాల అలైన్‌మెంట్ చేయించి, వారం తరువాత మళ్లీ ఒకసారి చూపించమన్నాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆ చప్పుడు సంగతి ముగ్గురికి తెలుసు. డ్రైవరు చెవులారా విన్నాడు, యజమాని డ్రైవరు నోట విన్నాడు, నేను మేనల్లుడి నోట విన్నాను. డ్రైవరు అది యజమాని పని అనుకున్నాడు. యజమాని అది దీపావళి పని అనుకున్నాడు. నేను అది నా పని కానే కాదనుకున్నాను. ముగ్గురికీ తెలిసిన సంగతి ఎవరికీ తెలియనట్టే అయింది. ఆస్తిని ముగ్గురు పంచుకుంటే వాటా చిన్నదవుతుంది. ఎరుక అలా తగ్గదు. విన్న ప్రతివాడి మీద అది మొత్తంగానే ఉంటుంది.

యజమాని చెడ్డవాడు కాడు. కిస్తీలు కట్టాలి, పండుగ సరుకు చేరాలి. పొదుపు మంచి గుణమే. అయితే ఒక తేడా గమనించాలి. నేను పాత చొక్కా తొడుక్కుంటే ఆ పొదుపు భారం నాదే. అరిగిన బుష్‌తో బండి నడిపితే ఆ భారం దారిన పోయేవారిది, వారిని ఎవరూ అడగలేదు. ఇతరుల తల మీద పెట్టి చేసే ఆదాను పొదుపు అనడం న్యాయం కాదు. అలాగని ప్రతి చప్పుడుకూ బండి నిలబెట్టాలని కూడా నేను అనడం లేదు. విన్న వెంటనే మార్చడం కాదు, విన్న వెంటనే వంగి చూడడమే మన బాధ్యత. చూసిన తరువాత ఆగవచ్చునో లేదో తేలుతుంది. చూడకుండానే ఆగవచ్చునని నిర్ణయించడమే తప్పు.

నా తప్పు అంతకన్నా పెద్దది. చెప్పే ధైర్యం ఉన్న పిల్లవాడికి ఊరుకోవడం నేర్పాను. జీతగాడికి రెండోసారి నోరు తెరవడం ఎంత కష్టమో నాకు తెలుసు. తెలిసినవాడిని నేను వెళ్లి యజమానితో ఒక మాట అనవలసింది. ఆయన నన్ను పనిలో నుంచి తీసేయలేడు కదా!

మన ఇళ్లలో కూడా చప్పుడు చేయకుండా దెబ్బలు కాచేవారు ఉంటారు. అత్తాకోడళ్ల నడుమ, తండ్రీకొడుకుల నడుమ నలిగే మనిషి ఎప్పుడో ఒకసారి, “నాకు చాతనైత లేదు” అంటుంది. “పండుగ అయినాక చూద్దాం” అంటాం. ఆ మాట విన్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి, లేచి వెళ్లి పక్కన కూర్చున్నవాళ్లు ఎందరో కూడా లెక్కపెట్టండి.

ఆ యజమాని, మా మేనల్లుడు ఒక ఒప్పందం చేసుకున్నారు. పండుగనాడు తీరికగా కూర్చొని కాదు, సరుకు ఎక్కించే పొద్దున, గల్లాపెట్టె దగ్గర నిలబడి చేసుకున్నారు. బరువు మీద ఉండగా బిగించిన మాట అది. ప్రతి నెల ఒకటో తారీఖున యజమానే అడుగుతాడు, “బండి ఏమంటుంది?” అని. డ్రైవరు చెప్పింది ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. మొన్న నేను వెళ్లినప్పుడు చూశాను. చివరి వరుసలో ఇలా ఉంది: కుడి అద్దం వదులు, బిగించినం. చప్పుడు లేదు.