పాత్రలోని పలుకు – భాగవత మర్యాద

వాక్కు భగవత్ప్రసాదము. వేషము ధరించి పలికిన వాక్కునకు బాధ్యులెవరు? ఈ ప్రశ్న నేడు మన గృహములలోనికే వచ్చినది. యువతీయువకులు ఫోనులో కల్పిత నామములు ధరించి, రాజులుగా, యోధులుగా, మునులుగా కేవలము వ్రాతతోనే సంభాషించుచు కథ నడిపించు ఆటలు ఆడుచున్నారు. ఆ మాట ఒకరి మనస్సును నొప్పింపగా, “అన్నది నేను కాదు, నా పాత్ర” యని తప్పించుకొనుటయు కలదు.

పాత్రధారణము మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. నమ్మాళ్వారు పరాంకుశనాయికగా, తిరుమంగై ఆళ్వారు పరకాలనాయికగా స్వామిని వేడుకొనిరి. గోదాదేవి శ్రీవిల్లిపుత్తూరునే గోకులముగా, తనను గోపికగా భావించి తిరుప్పావై 30 పాశురములను అనుగ్రహించినది. అందు 6 నుండి 15 వరకు గల పాశురములు నిదురించు గోపికలను మేల్కొలుపునవి.

పదునైదవ పాశురము పూర్తిగా సంభాషణమే. తలుపు మూసియున్నది. లోపలి గోపిక ముఖము వెలుపలివారికి కనబడదు. వారి ముఖములు ఆమెకు కనబడవు. మాట తప్ప వేరు ఆధారము లేదు. వారి పిలుపు ఆమెకు కటువుగా తోచినది. ఆమె ఉత్తరము వారికి మాటనేర్పుగా తోచినది. వాదము పెరుగవలసిన చోట ఆమె, దోషము తనదే కానిమ్మన్నది. లేని దోషమునైనను తనపై వేసికొనుట శ్రీవైష్ణవ లక్షణమని పూర్వాచార్యులు ఇచట వ్యాఖ్యానించిరి.

వ్రాత ఆ తలుపుకంటెను మందమైన అడ్డు. అందు కంఠస్వరమైనను వినబడదు. తెలుగు, తమిళము, ఉర్దూ, ఇంగ్లీషు కలసి మెలగు సికింద్రాబాదు వంటి పట్టణమున, ఒక భాషలోని చనువు మరొక భాషలో అవమానము కావచ్చును. పేరు చాటున నున్నవారు బాలురో వృద్ధులో తెలియనపుడు ‘నీవు’ అనవలెనా, ‘మీరు’ అనవలెనా? అపరిచితుని ‘స్వామీ’ అని పిలిచి, తమను ‘దాసుడు’ అని చెప్పుకొను మన పెద్దలకు ఈ చిక్కు లేదు.

అట్లయిన పాత్ర పరుషముగా పలుకనే రాదా? సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామ గర్వించును, అలుగును, దెప్పును. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) ఆ పాత్రధారణలో ప్రఖ్యాతి గడించిరి. సత్యభామ పలుకులు మాధవి వేషధారిని గాయపరచవు. ఏలయన, కథ ఇద్దరికిని తెలియును. ఇద్దరును సమ్మతించియే రంగమెక్కిరి. కావున దోషము పరుషవాక్యమున లేదు, సమ్మతి లేకుండుటలో నున్నది. వేషము మాటకు అర్థము నిచ్చునేకాని, పలికినవాని బాధ్యతను తొలగింపదు.

దీనినుండి కొన్ని మర్యాదలు తేలుచున్నవి. ఎదుటి పాత్ర ఏమి చేసెనో, ఏమనెనో తానే నిర్ణయించి వ్రాయరాదు. అది పరుల నోటిని తాను వాడుకొనుటయే. సందిగ్ధమైన వాక్యమునకు మొదట మృదువైన అర్థమునే గ్రహింపవలెను. ఎదుటివారు నొచ్చిరని తోచినచో, వేషము తొలగించి స్వంత మాటతో అడుగవలెను. దోషమును తనపై వేసికొనుట ఎవరికివారు స్వీకరించు భూషణము. నొచ్చినవారిని సహింపుమని శాసించుటకు దానిని వాడరాదు.

ఆ గోపిక ‘అందరును వచ్చిరా?’ యని అడిగినది. ‘నీవే వచ్చి లెక్కించుకొమ్ము’ అనిరి. గెలుపోటముల లెక్క ఎవరును అడుగలేదు. ఒక్కరును వెనుక మిగులరాదనుటయే వారి లెక్క. ఆటయైనను, గోష్ఠియైనను, ఆ లెక్క తప్పనిచోట భాగవతాపచారమునకు తావుండదు.