బూడిదను నిలుపుకున్న గుచ్ఛం

ధనూరాశిలో, మన పాలపుంత నడిబొడ్డుకు దగ్గరగా టెర్జాన్ 5 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం ఉంది. ఇక్కడికి సుమారు 20 వేల కాంతి సంవత్సరాల దూరం. లక్షల నక్షత్రాలు కిక్కిరిసి ఉన్నా, మనకూ దానికీ మధ్య దట్టమైన ధూళి అడ్డం. 1968లో ఆగోప్ టెర్జాన్ కనిపెట్టేదాకా దాని సంగతే ఎవరికీ తెలియదు.

నన్ను ఆకట్టుకున్నది దాని వయసు. మామూలుగా ఇలాంటి గుచ్ఛంలో నక్షత్రాలన్నీ దాదాపు ఒకే ఈడువి. ఇక్కడ రెండు తరాలు కలిసి ఉన్నాయి. 2016లో తేల్చిన లెక్క ప్రకారం పెద్దవాటి వయసు 1200 కోట్ల ఏళ్లు, చిన్నవాటిది 450 కోట్లు. అంటే ఇంచుమించు మన సూర్యుడి ఈడు. పైగా చిన్నవాటిలో ఇనుము మూడు రెట్లకు పైగా ఎక్కువ.

ఆ ఇనుము చనిపోయిన నక్షత్రాలది. భారీ నక్షత్రం సూపర్నోవాగా పేలితే, అందులో తయారైన మూలకాలు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో చిమ్ముతాయి. మామూలు గుచ్ఛాల గురుత్వాకర్షణకు వాటిని ఆపే శక్తి చాలదు. టెర్జాన్ 5 ఒకప్పుడు ఇప్పటికన్నా ఎన్నో రెట్లు బరువైనదనీ, అందుకే పోయినవాటి బూడిదను నిలుపుకుని మళ్లీ నక్షత్రాలను కన్నదనీ దాన్ని పరిశోధించిన ఖగోళ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

నక్షత్రాలు అన్ని గుచ్ఛాల్లోనూ పేలాయి. ఇవ్వడంలో ఎక్కడా లోటు లేదు. తేడా అంతా అందుకోవడంలో వచ్చింది.

ఈ తేడా మా ఇంట్లోనూ చూశాను. మా నాయనమ్మ విత్తనాల కందులు ఎండబెట్టి, జల్లించిన బూడిద కలిపి, పైన వేపాకు పరిచి, కుండ మూతికి పేడమట్టి మెత్తేది. పురుగు పట్టేది కాదు. అడిగినవాళ్లందరికీ ఎలా చేయాలో చెప్పేది. ఆ పని మిగిలింది మాత్రం మా చిన్నత్త దగ్గరే. నాయనమ్మ పక్కన కూర్చుని చేతులకు బూడిద అంటించుకున్నది ఆవిడే.

నిలుపుకోవడమంటే పాతదాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ చేయడమనుకోను. ఆ గుచ్ఛంలో రెండోసారి పుట్టినవి కొత్త నక్షత్రాలే. చిన్నత్త కూడా ఇప్పుడు కుండకు బదులు ప్లాస్టిక్ డబ్బా వాడుతోంది. బూడిద, వేపాకు అవే.

పాతవన్నీ పోతున్నాయని వాపోతాం, చెప్పేవాళ్లు లేరంటాం. చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్లకు తెలిసిన పని ఒక్కటైనా వాళ్లు చేస్తుండగానే పక్కన కూర్చుని నేర్చుకోండి.