ప్రయోగశాలలో చిన్న పని అంటూ ఉందా?



జగిత్యాలలో 2022లోనూ, సిరిసిల్లలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. రెండూ వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందివే. కోరుట్లలో పశువైద్య కళాశాల అంతకు ముందునుంచే ఉన్నది. బీడీలు చుట్టిన తల్లుల బిడ్డలు, సాంచాల మీద బ్రతికిన కుటుంబాల పిల్లలు ఈనాడు తెల్లకోటు తొడుక్కుని విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో అడుగు పెట్టగలుగుతున్నారు. అందరూ డాక్టర్లుగా కాదు. కొందరు ల్యాబు టెక్నీషియన్లుగా, కొందరు అటెండర్లుగా, మరికొందరు గాజుసామాను కడిగేవారుగా, జంతువులకు మేత వేసేవారుగా.

వీరిలో కొందరి మనసులో ఒక ప్రశ్న మెదులుతూ ఉంటుంది. పరిశోధనా పత్రం మీద పేరు ప్రొఫెసరుగారిది, శాలువా వారికే, చప్పట్లు వారికే. మరి సీసా కడిగినవాడి పనికి విలువ ఎంత? ఇది జీతం గురించిన ప్రశ్న మాత్రమే కాదు. మనిషి పనికి విలువ ఎక్కడినుండి వస్తుందన్నది తత్త్వశాస్త్రం పుట్టిననాటినుంచీ ఉన్న ప్రశ్న.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చూద్దాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు దగ్గర బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే ఆంగ్లేయ సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ కట్టడం తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరిశోధనా సంస్థగా ఆయన పేరుతోనే నిలిచింది. అయితే ఆ దోమ తాగిన రక్తం ఎవరిది? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిది. తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. రాస్ కన్ను లేకపోతే ఆ క్రిమి కనబడేది కాదు, నిజమే. హుసేన్ ఖాన్ చేయి చాచకపోతే చూడడానికి ఏమీ ఉండేది కాదు, అదీ నిజమే. ఒకరికి నోబెల్, ఒకరికి కొన్ని అణాలు. ఈ రెంటి మధ్య తేడా ఆ ఇద్దరు మనుషుల మధ్య తేడా అవుతుందా?

మరొక ఉదాహరణ. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లి, హార్వర్డు వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో పనిచేశారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని కూడా చేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. తరువాతి కాలంలో ఆయన లెడర్లే ప్రయోగశాలలో నాయకత్వం వహించిన బృందం నుంచే 1947లో బోదకాలుకు మందు వచ్చింది. మన పాత కరీంనగర్ జిల్లా బోదకాలు పీడిత ప్రాంతం. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తెచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర ఆ మందే. మాత్ర మింగిన మన తల్లులలో సుబ్బారావుగారి పేరు విన్నవారు ఎందరు? పోనీ, ఆయన పేరుతో 1995లో తపాలా బిళ్ళయినా వచ్చింది. ఆ మందును మొదట ఎలుకల మీద పరీక్షించినప్పుడు రోజూ వాటికి మేత వేసి, బోనులు కడిగినవారి పేర్లు ఎవరికి తెలుసు? బోను శుభ్రంగా లేక ఎలుకలు వేరే రోగంతో చచ్చిపోయి ఉంటే ఆ ఫలితాన్ని నమ్మేదెట్లా?

పునీత తోమా అక్వినాసు అరిస్టాటిలు ననుసరించి ఒక విషయం చెబుతారు. మనం చేసే కొన్ని పనుల ఫలితం బయటి వస్తువులోకి పోతుంది. ఇల్లు కట్టడం, గుడ్డ నేయడం అటువంటివి. మరికొన్ని చేసినవానిలోనే నిలిచిపోయి వానిని మంచివానిగానో చెడ్డవానిగానో మలుస్తాయి. ప్రయోగశాలలో ఒకే పనిలో ఈ రెండూ కలిసి ఉంటాయి. సీసా శుభ్రమై అవతలికి పోతుంది. శ్రద్ధగా కడిగిన గుణం మాత్రం కడిగినవానిలోనే మిగిలిపోతుంది. రెండవ జాన్ పాల్ పాపుగారు 1981లో శ్రమ గురించి రాసిన విశ్వలేఖలో బోధించినదీ ఇదే దారిలో ఉన్నది: పనికి విలువ మొదటగా ఆ పని ఎటువంటిదన్న దానినిబట్టి కాదు, దానిని చేసేది ఒక మనిషి కావడంవల్ల వస్తుంది.

"ఇవి వినడానికి బాగానే ఉంటాయి ఫాదర్, కాని ఎవరు చూస్తారు?" అని అనవచ్చు. అవును, ఎవరూ చూడరు. అసలు సంగతి అక్కడే ఉన్నది.

బోదకాలు కలిగించే సూక్ష్మమైన పురుగులు పగలు రక్తంలో దాదాపు కనబడవు, రాత్రివేళ బయటికి వస్తాయి. అందుకే రక్త నమూనాలను రాత్రిపూట సేకరిస్తారు. అందరూ పడుకునే వేళ సిబ్బంది వాడవాడా తిరిగి వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద చుక్క తీసుకుంటారు. ఇక మలేరియా సంగతి. సూక్ష్మదర్శినిలో ఒకసారికి గాజుపలకలో ఒక చిన్న భాగమే కనబడుతుంది. అటువంటి భాగాలు కనీసం నూరు చూసిన తరువాతనే "క్రిమి లేదు" అని రాయాలన్నది నియమం. ముప్పై చూసేసరికి కళ్ళు మండుతాయి. ఇంకా నలభై పలకలు వరుసలో ఉన్నాయి. ముప్పై చూసి "లేదు" అని రాసినా ప్రొఫెసరుకు తెలియదు, రోగికి తెలియదు, పత్రిక చదివే ప్రపంచానికీ తెలియదు. బహుశా పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ "లేదు" సరైనదే అయి ఉంటుంది కూడా. అయినా అది అబద్ధమే. చూడనిదానిని చూసినట్టు రాశాడు గనుక. ఆ పదవసారి ఎవరి ఇంట్లో జ్వరం ముదురుతుందో ఎవరు చెప్పగలరు? విజ్ఞానశాస్త్రమంతా చివరికి ఎవరూ చూడనివేళ ఎవరో ఒకరు నిజం రాశారన్న నమ్మకం మీద నిలిచి ఉన్నది. కొద్దిదానిలో నమ్మకంగా ఉండడం గురించి మన ప్రభువు బోధించినది ఈ పలక దగ్గర కూడా వర్తిస్తుంది.

ఇక దీనికి రెండవ వైపు. చిన్న పనికి గౌరవంలో వాటా ఉన్నదంటే బాధ్యతలోనూ వాటా ఉన్నట్టే. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పరిశీలన అది. వారిలో చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన బిడ్డలు. తల్లిదండ్రులు పెట్టవలసిన అంగీకార సంతకాలను ఎన్నో పత్రాల మీద వార్డెన్లు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. కొందరు బాలికలు మరణించారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా ఎన్నో దేశాల్లో ఆడబిడ్డలను కాపాడుతున్నది కూడా. అయినా 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ జరిగిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. మందు మంచిదైనంత మాత్రాన, అడగకుండా వేయడం మంచిది కాదు. సదుద్దేశం చెడ్డ మార్గాన్ని శుద్ధి చేయలేదు.

అక్కడ ఏ ఒక్కరూ తాము పెద్ద తప్పు చేస్తున్నామని అనుకొని ఉండరు. ఒకరు కాగితం ఇచ్చారు, ఒకరు సంతకం పెట్టారు, ఒకరు సూది వేశారు, ఒకరు లెక్క రాశారు. "నేను నాకు చెప్పిన పనే చేశాను" అనే మాట అందరి దగ్గరా ఉంటుంది. కాని మనస్సాక్షికి పై అధికారి అంటూ ఉద్యోగవర్గంలో ఎవరూ లేరు. "వారి అమ్మానాన్నలను అడిగారా?" అన్న ఒక్క ప్రశ్న వేయడానికి ప్రొఫెసరు పదవి అక్కరలేదు. అటెండరు కూడా వేయవచ్చు. వేయగలిగే ధైర్యమే అతని గొప్పతనం.

ఇదంతా చెప్పి, పెద్దలకు చెప్పవలసినది చెప్పకపోతే అన్యాయమవుతుంది. "పని పవిత్రమైనది" అన్న మాటను తక్కువ జీతానికి ముసుగుగా వాడకూడదు. ప్రయోగశాలలకు బాధ్యులైనవారు ఔట్‌సోర్సింగు పేరుతో నెలల తరబడి జీతం ఆపకూడదు. రక్తం, రసాయనాలు ముట్టేవారికి చేతి తొడుగులు, టీకాలు ఇవ్వాలి. పత్రం చివర కృతజ్ఞతలు రాసేటప్పుడు, పలకలు చూసినవారి పేర్లూ రాయాలి. అందుకు ఖర్చయ్యేది రెండు పంక్తుల సిరా మాత్రమే. రక్తం ఇచ్చే పేదవాడికి ఎందుకిస్తున్నాడో అతని భాషలో చెప్పాలి. వద్దనే హక్కు అతనికి ఉన్నదని కూడా చెప్పాలి.

సిరిసిల్ల కుటుంబాలకు ఇది కొత్త పాఠం కాదు. వార్పిన్ పట్టేవారు, కండెలు చుట్టేవారు, సాంచా నడిపేవారు అందరూ కలిస్తేనే గుడ్డ. ఒక్క పోగు తెగినా సాంచా నడిపేవాడు ఆగి ముడి వేయవలసిందే. వేయకపోతే ఆ లోపం తానులో చివరిదాకా సాగుతుంది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ల్యాబులో పనిచేసి ఇంటికి వచ్చినప్పుడు జీతం ఎంత పెరిగిందని అడగండి, తప్పు లేదు. దానితోపాటు ఈరోజు చూసిందే రాశావా అని కూడా అడగండి. అవునని తలెత్తి చెప్పగలిగిన బిడ్డ చేసిన పని ఏదైనా, అది చిన్న పని కాదు.