ఇటుక ఎవరిది, గోపురమెవరిది?

బొమ్మ ఇటుకలతో కట్టిన గోపురమును సొంత కల్పన యనుట న్యాయమా? ఇటుకలు అచ్చున పోసినవి, అందరకు నవియే. అయినను ఎనిమిది బుడిపెలు గల ఒకే రంగు లెగో ఇటుకలారింటిని 91,51,03,765 విధముల కూర్పవచ్చునని గణితజ్ఞులు లెక్కించిరి. కావున కల్పనకు చోటు లేదనరాదు. అందరు కవులును వాడునది మన యేబదియారు అక్షరములనే గదా!

ఆ ఇటుకకును పూర్వకథ కలదు. ఆంగ్లేయుడు హిలరీ ఫిషర్ పేజ్ చేసిన ఇటుకలను అనుసరించి డెన్మార్కులోని లెగోవారు 1949లో తమవి చేసిరి. 1958లో లోపల గొట్టములమర్చి, పట్టు పెంచి, పేటెంటు కోరిరి. అనుసరణ దోషము కాదు. చేర్చినది తమది, గ్రహించినది పరులది.

గత దసరా కొలువులో మా మనుమడు వేరొకరి నమూనా చూచి గోపురము కట్టెను. పై రెండంతస్తులు మాత్రము వాని ఊహ. బంధువులు మెచ్చుకొనగా వాడు నిజము చెప్పబోయెను. మేము కనుసైగతో వారించితిమి. ముప్పదియేండ్లు కచేరీలో ఇతరుల చిత్తులు సాపు చేసి, వాటిని మావని ఎన్నడు ననని మేమే!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు గోపురము చెంత చీటీ ఉంచితిమి: "నమూనా వేరొకరిది, పై రెండంతస్తులు మావానివి." అటుపై వచ్చినవారు ఆ రెండంతస్తులనే వంగి వంగి చూచిరి.

తరతరములుగా తమిళసీమలో నిలిచిన మన యిండ్లలో ఇరుగుపొరుగుల వాడుకలెన్నియో చేరినవి. అవి వారివని ఒప్పుకొన్నంతనే మన తెలుగుదనము తరుగలేదు. పిల్లలకు ఈమాత్రము నేర్పిన చాలును.