శిఖర ఫలం ఎవరిది?

ఒక కర్మకు కర్త ఎవరు, దాని ఫలం ఎవరికి చెందుతుంది అనే ప్రశ్న భారతీయ చింతనలో యాగశాలలో పుట్టి తీర్థయాత్రల దాకా విస్తరించింది. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకాల్లో హిమాలయ పర్వతారోహణ ఒక పరిశ్రమగా స్థిరపడిన తరువాత అదే ప్రశ్న, అడిగేవారికి దాని పూర్వచరిత్ర తెలియకపోయినా, మళ్లీ తలెత్తింది. రుసుము చెల్లించిన వ్యక్తి కోసం మరొకరు దారి వేసి, తాళ్లు కట్టి, గుడారాలు నిలిపి, ఆక్సిజన్ సిలిండర్లు మోసి, చివరి అడుగు వరకు పక్కనే నడిచినప్పుడు శిఖరాన్ని ఎక్కింది ఎవరని పర్వతారోహకులు వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఆ వాదాలన్నీ క్రీడానీతి పరిధిలోనే తిరుగుతాయి. వెల ఇచ్చి చేయించుకున్న కర్మను గురించి మీమాంసకులూ ధర్మశాస్త్రకారులూ వేసిన లెక్కలు అంతకంటే లోతైనవి, పైగా ఒకదానితో ఒకటి పొసగనివి కూడా.

1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీ, టెన్జింగ్ నార్గే ఎవరెస్ట్ శిఖరాన్ని చేరిన యాత్ర ఒక దేశం తరఫున, దండయాత్రకు తగ్గ సరంజామాతో సాగింది. 1985లో టెక్సాస్ వ్యాపారి డిక్ బాస్ అనుభవజ్ఞుడైన మార్గదర్శకుని వెంట అదే శిఖరం ఎక్కి, ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను పూర్తిచేసిన తొలి వ్యక్తి కావడంతో, డబ్బూ పట్టుదలా ఉంటే వృత్తి ఆరోహకుడు కానివానికి కూడా అది అందుతుందన్న నమ్మకం కుదిరింది. 1996 మే నెలలో ఒకే తుఫానులో ఎనిమిది మంది మరణించినప్పుడు ఈ వ్యాపారం మందగిస్తుందని అనుకోవడానికి కారణం ఉండింది గాని, జరిగింది అందుకు విరుద్ధం. ఆ విషాదమే ఎవరెస్ట్‌కు లోకమంతటా ప్రచారం తెచ్చిపెట్టింది. 2023 వసంత రుతువులో నేపాల్ ప్రభుత్వం 470కి పైగా అనుమతి పత్రాలు ఇచ్చింది. ఒక్కొక్క విదేశీయునికి 11,000 డాలర్లుగా ఉన్న అనుమతి రుసుము 2025 సెప్టెంబరు నుంచి 15,000 డాలర్లయింది. యాత్ర మొత్తం ఖర్చులో ఇది ఒక భాగం మాత్రమే. ఒకప్పుడు పాశ్చాత్య సంస్థల చేతుల్లో ఉన్న ఈ వ్యాపారంలో 2010లో స్థాపితమైన సెవెన్ సమ్మిట్ ట్రెక్స్ వంటి నేపాలీ సంస్థలు ముందుకు రావడం ఇటీవలి ప్రధాన పరిణామం. ఇక నగరాల్లో ప్లాస్టిక్ పట్లు బిగించిన గోడల మీద సాగే ఆరోహణ, టోక్యో ఒలింపిక్స్‌తో పతక క్రీడ అయినప్పటికీ, ఇక్కడి చర్చకు రాదు. ఆ గోడకు అధిష్ఠాన దేవత లేదు, దాని మీద ఒకరి బరువు మరొకరు మోయరు.

మీమాంస అంటే వేదవాక్యాల అర్థాన్ని, ముఖ్యంగా యాగవిధులను నిర్ణయించే శాస్త్రం. దాని మూలగ్రంథమైన జైమిని సూత్రాల్లో, యాగం చేసే చేతులు ఒకరివి, ఫలం మరొకరిది ఎలా అవుతుందన్న చర్చ ఉన్నది. సోమయాగంలో పదహారు మంది ఋత్విక్కులు, అనగా యాజకులు, మంత్రాలు చదివి, సోమలతను దంచి, ఆహుతులు వేస్తారు. యజమాని, అనగా ఎవరి సంకల్పంతో యాగం జరుగుతున్నదో ఆ వ్యక్తి, స్వయంగా చేసేది కొద్దిపాటి కర్మ మాత్రమే. అయినా స్వర్గాది ఫలం యజమానికే చెందుతుందని, ఋత్విక్కులకు ముట్టే దక్షిణ దానం కాదని, పరిక్రయమని, అంటే వారి సేవను కొన్న వెల అని మీమాంసకులు తేల్చారు. వెల పుచ్చుకున్నవానికి ఫలంలో భాగం లేదు.

నేపాల్ ప్రభుత్వ నియమావళి కొంతకాలం అచ్చంగా ఇదే సిద్ధాంతాన్ని పాటించింది. 2002 నాటి పర్వతారోహణ నియమాల ప్రకారం రుసుము చెల్లించినవారే యాత్రా బృందంలో సభ్యులు, ఎత్తైన ప్రాంతాల్లో పనిచేసేవారు సభ్యులు కారు. ఈ కారణం చూపి 2016లో, శిఖరం మీద అందరితో పాటు నిలబడిన షెర్పాలకు శిఖరారోహణ ధ్రువపత్రాలు నిరాకరించారు. నిరసన వచ్చిన మీదట నియమాన్ని సవరించారు. సవరణకు ముందున్న వాదం క్రూరమైనదే గాని తర్కవిరుద్ధం మాత్రం కాదు, అది శుద్ధ మీమాంస.

అయితే ఈ పోలికను చివరిదాకా లాగితే అది వ్యాపారానికి అనుకూలంగా నిలవదు. యాగద్రవ్యం దొరకనప్పుడు ప్రతినిధిని, అంటే దానికి బదులుగా సదృశమైన మరొక ద్రవ్యాన్ని వాడవచ్చునని, వ్రీహి ధాన్యం లేనప్పుడు అడవిలో దానంతట పండే నీవార ధాన్యం పనికివస్తుందని మీమాంస ఒప్పుకుంటుంది. కానీ దేవతకు గాని, మంత్రానికి గాని, యజమానికి గాని ప్రతినిధి లేడని కూడా అంతే గట్టిగా చెబుతుంది. పైగా యజమాని దీక్ష వహించాలి, మితాహారంతో, నియమాలతో తన శరీరాన్ని కర్మకు తగినదిగా మార్చుకోవాలి. పర్వతారోహకునికి ఆ దీక్ష ఏమిటంటే, మూలశిబిరంలో వారాల తరబడి ఉండి, పైకి ఎక్కుతూ దిగుతూ పలుచని గాలికి ఒంటిని అలవాటు చేసుకోవడం. పరిశ్రమ నేడు కుదిస్తున్నది సరిగ్గా దీనినే. ఆక్సిజన్ తగ్గించిన గుడారంలో ఇంటి దగ్గరే నిద్రించి రావడం ఇప్పటికే రివాజయింది; 2025 మే నెలలో నలుగురు బ్రిటిష్ ఆరోహకులు, మత్తుమందుగా వాడే జినాన్ వాయువును ముందుగా పీల్చి, లండన్ నుంచి బయలుదేరి వారం తిరగకముందే ఎవరెస్ట్ ముట్టి వచ్చారు. ఆ వాయువు వల్ల ఫలితం ఎంతన్నది వైద్యుల మధ్య వివాదంలో ఉన్నది. కానీ తాత్త్వికంగా చూస్తే ఇక్కడ ప్రతినిధిగా వచ్చింది ద్రవ్యానికి కాదు, దీక్షకు.

సాధనానికీ ఫలానికీ ఉన్న ఈ లంకెను తీర్థయాత్రా సాహిత్యం మరింత నిర్మొహమాటంగా లెక్కగట్టింది. వాహనమెక్కి వెళితే తీర్థఫలంలో సగం పోతుందని, గొడుగూ పాదరక్షలూ వాడితే అందులో సగం పోతుందని, వెళ్లినచోట వర్తకం చేస్తే మూడు పాళ్లు పోతాయని, ప్రతిగ్రహం వల్ల, అంటే ఇతరుల నుంచి దానం పుచ్చుకోవడం వల్ల, ఫలమంతా పోతుందని నిబంధ గ్రంథాల్లో, అనగా ధర్మశాస్త్ర సంకలనాల్లో, ఒక ప్రసిద్ధమైన గణన ఉన్నది. (జాకెట్ నిండా స్పాన్సర్ల పేర్లు కుట్టించుకున్న ఆరోహకుని గతి ఈ లెక్కలో ఏమవుతుందో విడమరచి చెప్పనక్కరలేదు.) 1944లో ఘాట్ రోడ్డు పడిన తరువాత కూడా తిరుమలకు అలిపిరి మెట్ల మీదుగానే నడిచివెళ్లే మొక్కు ఆగకపోవడానికి, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతోనే ఎక్కేవారు ఉండడానికి ఈ భావనే ఆధారం. పవిత్రమైన కొండను పాదాలతో తాకరాదని రామానుజులు మోకాళ్లతో ఎక్కారని సంప్రదాయం చెబుతుంది. అక్కడ కష్టం ఘనత కోసం కాదు, స్పర్శకు ప్రాయశ్చిత్తం. 1978 మే 8న రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ సిలిండరు లేకుండా ఎవరెస్ట్ ఎక్కినప్పుడు, 1980లో మెస్నర్ ఒంటరిగా అదే పని చేసినప్పుడు వారు సమర్థించిన ఆదర్శం, సాధనం తగ్గేకొద్దీ ఫలం పెరుగుతుందన్నది, ఈ లెక్కకు దగ్గరిదే. భేదం ఒక్కటే. మెస్నర్ లెక్కలో మిగిలే ఫలం ఆరోహకుని ఆత్మగౌరవం, తీర్థయాత్రా గ్రంథకారుల లెక్కలో అది పుణ్యం.

ఈ సాహిత్యంలోనే మరొక మాట ఉన్నది, అది మీమాంసకు ఎదురు నిలుస్తుంది. మరొకరి నిమిత్తం కూలికి తీర్థం వెళ్లినవానికి కూడా ఫలంలో పదహారో వంతు దక్కుతుంది. భాగం చిన్నదే, కానీ సూత్రం పెద్దది: నడిచిన కాలికి, దాని వెల ముందే ముట్టినా, నడక ఫలం పూర్తిగా తెగిపోదు. శ్రమను పూర్తిగా అమ్ముకోవడం సాధ్యం కాదన్న ఈ గుర్తింపు యాగశాలలో లేదు, దారి మీదే పుట్టింది.

పుణ్యం సంగతి అలా ఉండగా పాపం లెక్క వేరు. తూర్పు నేపాల్‌లోని సోలుఖుంబు ప్రాంతపు షెర్పాలు బౌద్ధులు. వారికి ఎవరెస్ట్ చోమోలుంగ్మా, ఆయుష్షునిచ్చే అయిదుగురు అక్కాచెల్లెళ్లలో ఒకరైన మియోలాంగ్‌సాంగ్మా దేవి నివాసం, ఆహారాన్నీ సంపదనూ ఇచ్చే చోటు. మూలశిబిరంలో రాళ్లు పేర్చి స్తూపం కట్టి, దాని చుట్టూ మంచు గొడ్డళ్లనూ బూట్లకు తగిలించే ఇనుప ముళ్లనూ ఆనించి, జునిపర్ ఆకుల పొగ వేసి, లామా మంత్రాలు చదువుతుండగా బార్లీ పిండి గాలిలోకి చల్లి ఒకరి ముఖానికి ఒకరు పూసుకుంటారు. ఈ పూజ కాకుండా షెర్పాలు పైకి కదలరు. ఇనుప ముళ్లతో దేవి ఒంటి మీద నడవబోతున్నందుకు ముందుగా క్షమాపణ వేడుకోవడం అందులోని ప్రధానాంశం. నిద్ర లేచి నేల మీద కాలు మోపే ముందు భూదేవిని మన్నించమని అడిగే తెలుగు ఇళ్లకు ఈ భావం కొత్తది కాదు. యాత్రా సంస్థల కార్యక్రమ పట్టికల్లో ఇప్పుడు ఈ పూజ కూడా ఒక రోజుగా నమోదై ఉంటుంది, అతిథులు ఫొటోలు తీసుకుంటారు. పూజ అమ్ముడుపోయిందని విమర్శించడం తేలికే గాని, ఆ విమర్శ తప్పు చోట తగులుతుంది. ఆ పూజలో క్షమాపణ కోరుతున్నది ప్రధానంగా ఆ కొండ మీద బతుకుదెరువున్నవాడు. చూసేవారు ఉన్నంత మాత్రాన అతని ప్రార్థన ప్రదర్శన అయిపోదు.

అసలు ప్రశ్న, ఆ అపరాధం అతనిదేనా అన్నది. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, సరేనని ఆమోదించినవాడు, ఈ నలుగురూ మంచికైనా చెడుకైనా సమాన భాగస్వాములని ధర్మశాస్త్రంలో నానుడిగా మారిన సూత్రం ఉన్నది. దీని ప్రకారం ఫలాన్ని కొనుక్కున్నవాడు పాపాన్ని అమ్మివేయలేడు. 2014 ఏప్రిల్ 18న ఖుంబు ఐస్‌ఫాల్‌లో, అనగా హిమానీనదం నిటారుగా విరిగి పడే చోట, మంచు చరియలు కూలి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. ఆ ఉదయం వారు పై శిబిరాలకు సామాన్లు మోస్తున్నారు. అతిథి ఆ ప్రమాదస్థలాన్ని ఒక రుతువులో కొద్దిసార్లు మాత్రమే దాటుతాడు, మోసేవాడు పదేపదే దాటుతాడు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం మొదట ప్రకటించిన తక్షణ సాయం 40,000 నేపాలీ రూపాయలు. ఆగ్రహించిన షెర్పాలు ఆ ఏడాది దక్షిణ మార్గంలో పని మానేశారు. వారి కోరికల్లో బీమా పెంపు ముఖ్యమైనది. ధర్మశాస్త్రపు సమభాగ సూత్రానికి ఆధునిక వ్యవహారంలో దగ్గరగా వచ్చేది బహుశా బీమా పత్రమే.

ఆ తరువాత నెల రోజులకు, మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ చేరింది. ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. భువనగిరి ఏకశిల మీద తొలి శిక్షణ పొందిన ఈ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు, వారి యాత్రను నడిపించింది ప్రభుత్వ గురుకుల సంస్థ. మీమాంస లెక్కలో ఇక్కడ యజమాని ఎవరు? వెల ఇచ్చింది ఒకరు, నడిచింది మరొకరు, అయినా ఫలం నడిచినవారికే దక్కాలన్నది ఈ సందర్భంలో వెల ఇచ్చినవారి ఉద్దేశమే. ఫలం ఎటు పోవాలో డబ్బు కాదు, సంకల్పం నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. అయితే వారి ముందు తాడు కట్టిన చేతుల విషయంలో ఈ సంకల్పం కూడా మౌనంగానే ఉన్నది.

యాగంలో ఆహుతి వేసేటప్పుడు యజమాని ఇది ఇక తనది కాదని పలకాలి, దానినే త్యాగమంటారు. అది లేనిదే యాగమే లేదు. పర్వతారోహణ చరిత్రలో దీనికి సాటిరాగల సంఘటన 1955 మే 25న కాంచన్‌జంగ మీద జరిగింది. సిక్కిం ప్రజలకు ఆ కొండ ఆరాధ్యం గనుక శిఖరాగ్రాన్ని తాకబోమని వారి పాలకునికి ఇచ్చిన మాట ప్రకారం జో బ్రౌన్, జార్జ్ బాండ్ చివరి కొన్ని అడుగులు ఎక్కకుండా వెనుదిరిగారు. తొలి ఆరోహకులుగా చరిత్ర వారినే గుర్తించింది కాబట్టి, వదులుకున్న ఫలం వెంటబడి వచ్చిందనే చెప్పాలి. భూటాన్ ఇంకా ముందుకు వెళ్లి 2003 నుంచి పర్వతారోహణనే నిషేధించింది. నిషేధం త్యాగం కాదు. పాలకుడు మూసిన తలుపు దగ్గర ఆగినవాడు దేనినీ విడిచిపెట్టినట్టు కాదు.

యజమాని, ఋత్విక్కు అన్న భేదమే లేని యాగం కూడా వేదంలో ఉన్నది. సత్రమని పేరున్న దీర్ఘయాగంలో కనీసం పదిహేడు మంది కలిసి కూర్చుంటారు, అందరూ యజమానులే, అందరూ ఋత్విక్కులే, అందుచేత దక్షిణ లేదు, ఫలం అందరిదీ. 2021 జనవరి 16న కె2 శిఖరాన్ని శీతకాలంలో మొట్టమొదట ఎక్కిన పదిమంది నేపాలీలు, తొమ్మిదిమంది షెర్పాలు, మగర్ తెగకు చెందిన ఒకరు, శిఖరానికి సుమారు పది మీటర్ల దిగువన ఒకరి కోసం ఒకరు ఆగి, జాతీయ గీతం పాడుతూ అందరూ ఒకేసారి పైకి అడుగు వేశారు. సంఖ్య శాస్త్రానికి చాలదు గాని స్వరూపం సత్రానిదే: రుసుము కట్టిన అతిథి లేడు, మొదట ఎక్కినది ఎవరన్న ప్రశ్నకు తావు లేదు. ఆ పదిమందిలో ప్రముఖులైన కొందరు నేడు స్వయంగా యాత్రా సంస్థలు నడుపుతూ అతిథులను శిఖరాలకు చేరుస్తున్నారు. పాత లెక్క ప్రకారం వారిప్పుడు చేసినవారి వరుసలో నుంచి చేయించినవారి వరుసలోకి మారారు, కింద సామాన్లు మోసే యువకుని అపరాధంలో వారికీ సమాన భాగం ఉన్నది. ఆ యువకునికి వారి ఫలంలో రావలసింది పదహారో వంతా, అసలే లేదా అన్నది ఇకపై నేపాలీలు తమలో తాము తేల్చుకోవలసిన వ్యవహారం.