సామర్థ్యం: అర్హతా? రుణమా?
ప్రభుత్వ పాఠశాలలో సామర్థ్య ఆధారిత విద్య – నరసాపురం నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

విద్యారంగ పరిభాషలో ‘సామర్థ్యం’ అన్న మాటకు ఇటీవల కొత్త ప్రాధాన్యం కలిగింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం బోధననూ మూల్యాంకనాన్నీ సామర్థ్యాల పునాది మీద పునర్నిర్మించాలని సూచించింది. విద్యార్థి ఎన్ని పాఠాలు పూర్తిచేశాడని కాక, ఏమి చేయగలడని అడగాలన్నది దాని ఆంతర్యం. ఈ మార్పు తరచు బోధనాపద్ధతికి సంబంధించిన విషయంగానే చర్చకు వస్తున్నది. కాని దానిలో ఒక నైతిక ప్రశ్న ఇమిడి ఉంది. ‘ఈ బాలికకు ఈ సామర్థ్యం లేదు’ అన్న వాక్యం ఎవరిని గురించినది? అది బాలిక మీద తీర్పా, లేక ఆమెకు ఇవ్వవలసినది ఇవ్వని పాఠశాల మీద సాక్ష్యమా? నరసాపురం వంటి డెల్టా పట్టణపు బడిని దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సామర్థ్యం భారతీయ చింతనకు కొత్త మాట కాదు. పూర్వమీమాంస ఆరో అధ్యాయం అధికార విచారానికి సంబంధించినది. కర్మకు అధికారి ఎవరన్న ప్రశ్నకు మీమాంసకులు మూడు లక్షణాలు చెప్పారు: ఫలాన్ని కోరేవాడు కావాలి, కర్మను నిర్వహించగల సమర్థుడు కావాలి, శాస్త్రం నిషేధించనివాడు కావాలి. ఇక్కడ సామర్థ్యం గమ్యం కాదు, ద్వారం. శూద్రునికి అధికారం లేదనడానికి చూపిన వాదం ఈ ద్వారం ఎలా మూసుకుంటుందో తెలుపుతుంది. ఉపనయనం లేదు కనుక అధ్యయనం లేదు; అధ్యయనం లేదు కనుక విద్య లేదు; విద్య లేదు కనుక సామర్థ్యం లేదు. లేమిని ముందు సృష్టించి, పిదప ఆ లేమినే కారణంగా చూపడం ఈ తర్కంలోని అన్యాయం. అయితే అదే అధ్యాయం దరిద్రుని విషయంలో మరొక దారి తొక్కింది. ధనం లేనివాడు అనధికారి కాడు, ఎందుకంటే ధనం సంపాదించుకోదగినది. పోగొట్టుకోగల లేమి అనర్హత కాదన్న ఈ సూక్ష్మం విద్యకు మరింతగా వర్తిస్తుంది. అక్షరం కన్న సంపాదించుకోదగినది మరొకటి లేదు గదా!

ప్రభుత్వ పాఠశాల ఈ ద్వారాన్ని తీసివేయడానికే ఏర్పడింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల బాలలను ఏ అర్హతా అడగకుండా బడిలో చేర్చుకోమన్నది. అటువంటి చోట సామర్థ్యం ప్రవేశార్హత కాజాలదు. బడి బిడ్డకు బాకీపడిన వస్తువుగానే దానిని గ్రహించాలి. జాబితాలో రాసుకున్న ప్రతి సామర్థ్యమూ రాజ్యం రాసిచ్చిన వాగ్దానపత్రం వంటిది.

ఈ జాబితాలు రావడం ఇదే మొదలు కాదు. 1991లో ‘కనీస అభ్యసన స్థాయిలు’ వచ్చాయి. తరువాత తెలుగు పాఠ్యపుస్తకాలలో ‘విద్యాప్రమాణాలు’, 2017లో ‘అభ్యసన ఫలితాలు’, ఇప్పుడు ‘సామర్థ్యాలు’. పేర్లు మారిన వేగంతో తరగతి గది మారలేదు. అయినా ఈ ఆలోచనలోని మేలును కాదనరాదు. చదివిన కథను సొంత మాటల్లో చెప్పలేని పిల్లవాడికి ప్రశ్నజవాబులు వల్లెవేసినందుకు మార్కులు వేసే అలవాటును అది నిలదీసింది.

కొలమానం మాత్రం భాషను బట్టి నిలవాలి. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి ముగిసేసరికి బిడ్డ నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థవంతంగా చదవాలని లక్ష్యం పెట్టింది. ‘వెళ్లలేకపోయింది’ అన్నది తెలుగులో ఒక్క మాట. ఆ భావానికే హిందీలో మూడు నాలుగు మాటలు కావాలి. మాటలను లెక్కపెడితే తెలుగు బిడ్డ నెమ్మదైన బిడ్డగా కనిపిస్తుంది. 2022 నాటి జాతీయ ప్రాథమిక అభ్యసన అధ్యయనం ఒక్కొక్క భాషకు వేరువేరు ప్రమాణాలు నిర్ణయించడం ఈ కారణం చేత సబబైన పని. లోపం బిడ్డలో ఉన్నదో కొలబద్దలో ఉన్నదో తేల్చుకోకుండా ‘లేదు’ అని రాయడం అధర్మం.

సామర్థ్యాన్ని ఎవరు గుర్తిస్తారన్నది మరొక ప్రశ్న. దీనికి నరసాపురంలో ఎక్కడా దొరకని ఉదాహరణ ఉంది. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక ఈ పట్టణపు, చుట్టుపట్ల గ్రామాల స్త్రీల చేతుల్లో స్థిరపడి విదేశీ విపణికి చేరింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథంలో ఈ స్త్రీల స్థితిని వివరించారు. ప్రపంచ విపణి కోసం పనిచేస్తున్నా వారు కార్మికులుగా లెక్కకు రాలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులు తీరిక వేళ చేసే పనిగానే అది చలామణి అయింది. పోగుల లెక్క, నమూనాను కంటితో చదివి చేతితో దింపడం, తప్పు పడిన చోటు గుర్తించి విప్పి మళ్లీ అల్లడం – ఏ జాబితాకైనా ఎక్కదగిన సామర్థ్యాలివి. వాటికి లోటు లేదు. లోటుపడినవి గుర్తింపూ కూలీ. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో గాని రాలేదు. అది కూడా వస్తువుకే, అల్లిన చేతికి కాదు.

ఈ ఉదాహరణ సామర్థ్యవాదులకు రెండు విధాల హెచ్చరిక. నేర్పు ఉంటే బతుకు దానంతటదే బాగుపడుతుందన్న నమ్మకాన్ని అది మొదట ఖండిస్తుంది. రెండో హెచ్చరిక పనిని ముక్కలు చేయడం గురించినది. లేసులో పువ్వులు అల్లేవారు కొందరు, వాటిని కలిపే అతుకుపని చేసేవారు వేరొకరు. పువ్వు అల్లినామె పూర్తయిన వస్త్రాన్ని చూడకపోవచ్చు, దాని ధర అసలే తెలియకపోవచ్చు. చదువును సూక్ష్మ సామర్థ్యాలుగా విడగొట్టి ఒక్కొక్కదాని ఎదుట గుర్తు పెట్టే పద్ధతిలోనూ ఇదే జరిగే వీలుంది. అన్ని గుర్తులూ పడిన బిడ్డకు చదువు వచ్చినట్టేనా? అతుకుపని చేయవలసినవాడు ఉపాధ్యాయుడు. ఆయన సమయమంతా గుర్తుల నమోదుకే పోతే పువ్వులు మిగులుతాయి, వస్త్రం మిగలదు.

అలాగని అల్లికనే బడిలో సామర్థ్యంగా చేర్చాలనడం తొందరపాటు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల వేళలను తగ్గించి, మిగిలిన సమయంలో పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నది. గోదావరి జిల్లాలు అప్పటికి ఆ రాష్ట్రంలోనివే. కులవృత్తి విద్య అన్న నిరసనల మధ్య 1954లో ఆ పథకం రద్దయింది. తల్లి చేతిపనిని గౌరవించడం వేరు, కూతురికి దానినే విధిగా చూపడం వేరు. లేసు అల్లే ఇంటి బాలికకు బడి బాకీపడినది పువ్వు అల్లే నేర్పు కాదు. తల్లికి ముట్టిన కూలీనీ విదేశంలో పలికిన ధరనూ పక్కపక్కన పెట్టి లెక్కకట్టే శక్తి.

బాకీ అన్న దృష్టితో చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పరిణామం మరోలా కనిపిస్తుంది. 2022లో 1000 ప్రభుత్వ పాఠశాలలకు సి.బి.ఎస్.ఇ. అనుబంధం లభించింది. ఆ బోర్డు పదో తరగతి ప్రశ్నలలో సగం సామర్థ్య ఆధారితంగా ఉండాలని నిర్ణయించింది. 2024లో విద్యార్థుల సంసిద్ధత చాలదన్న కారణంతో వారు రాష్ట్ర బోర్డు పరీక్షే రాయాలని కొత్త ప్రభుత్వం నిర్ణయించింది. ఆ సంవత్సరపు విద్యార్థుల వరకు అది న్యాయమే. తొమ్మిదేళ్లు ఒక తీరున నేర్పి పదో ఏట మరొక తీరున పరీక్షించడం క్రూరత్వం. కాని పరీక్ష తొలగినంత మాత్రాన బయటపడిన లేమి తొలగదు. అప్పుపత్రం చింపినంత మాత్రాన అప్పు తీరదు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. లేమి అంతా బడి బాకీయే అయితే విద్యార్థి శ్రమకు తావెక్కడ? పైగా నింద తన మీదికి వస్తుందన్న భయంతో ఉపాధ్యాయుడు ‘లేదు’ అనవలసిన చోట ‘ఉంది’ అని నమోదు చేయడా? మొదటిదానికి సమాధానం సులువు. శ్రమ విద్యార్థిదే, కాని శ్రమించే అవకాశం బడి కల్పించాలి. రెండోది నిజమైన చిక్కు. రుణదాత బిడ్డ, రుణగ్రస్తుడు రాజ్యం. ఉపాధ్యాయుడు పద్దు రాసేవాడు మాత్రమే. పద్దు రాసేవాడినే అప్పు తీర్చమంటే దొంగలెక్కలు తప్పవు. జాతీయ సర్వేలు విద్యార్థికి గాక జిల్లాకు ఫలితం ప్రకటించడంలో ఈ వివేకం కొంత ఉంది.

చట్టంలో మాత్రం ద్వారం మళ్లీ తొంగిచూస్తున్నది. 2019 సవరణ ప్రకారం ఐదు, ఎనిమిది తరగతులలో తప్పిన వారికి అదనపు బోధన చేసి, రెండు నెలలలోగా మరో పరీక్ష పెట్టి, అందులోనూ తప్పితే రాష్ట్రం అదే తరగతిలో నిలిపివేయవచ్చు. ఏళ్ల బాకీకి రెండు నెలల గడువు. అదీ తీర్చవలసినవాడికి కాదు, రావలసినవాడికి. నిలిపివేయని చోట ఎనిమిదో తరగతి పూర్తిచేసిన బాలికకు చట్టం ప్రకారం ధ్రువపత్రం అందుతుంది. మూడో తరగతి నాటికి రావలసిన చదువు ఆమెకు వచ్చిందా లేదా అన్నది ఆ పత్రంలో ఉండదు. ఆ రోజుతో నిర్బంధ విద్య బాధ్యత ముగుస్తుంది. మిగిలిన బాకీని ఏ కార్యాలయంలో అడగాలో ఏ నిబంధనా ఇంతవరకు చెప్పలేదు.